ట్యాంకుకి రెండు మూతలు

నేను చెప్పే మాటల్లో సగం నమ్మితే చాలని మా ఆవిడ చుట్టాలందరికీ ముందే చెప్పిపెట్టింది. ఇది నమ్మాల్సిన సగంలోది. తిరువూరు బస్టాండులో పెళ్ళిళ్ళ ముహూర్తం రోజున విజయవాడ బస్సెక్కితే కిటికీ పక్కన సీటు దొరికిందనీ, కండక్టరు వచ్చి గాలి సరిగ్గా తగులుతోందా అని అడిగి వెళ్ళాడనీ చెప్పానే, అది రెండో సగంలోది.

యాభై రెండేళ్ళకే ఉద్యోగం చాలించి ఇంట్లో కూర్చున్నాను. కొత్తగా కంప్యూటర్ల ముందు కూర్చుంటున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, మీ రోజుల్లో ఏం సాధించారని అడుగుతుంటారు. సాధించినవి చెబితే కోతలంటారు. చెడగొట్టినదొకటి చెబుతాను. దాన్ని ఎవరూ కోతలనలేరు.

మామిడి, పత్తి రైతులు కలిసి పెట్టుకున్న ఒక సంఘంలో నేను కంప్యూటరు పని చూసేవాణ్ణి. మెయిన్ రోడ్డు మీద ఎరువుల గోడౌను పైన రెండు గదులే ఆఫీసు. ఏ తెగులుకి ఏ మందు, ఎంత, ఎప్పుడు కొట్టాలో రైతు తన ఫోన్లో తెలుగులో చూసుకునేలా ఒక వికీ పెట్టుకున్నాం. వికీ అంటే పదిమంది కలిసి రాసి, కలిసి దిద్దుకునే పుస్తకం. మామూలుగా ఇలాంటివాటిలో ఎవరో చూడబోయేసరికి అప్పటికప్పుడు పేజీ తయారవుతుంది, ఆర్డరిచ్చాక అట్టు పోసినట్టు. మా సిగ్నలుకి అది సరిపడలేదు. ఎ.కొండూరు అవతల తోటల్లో అట్టు వచ్చేలోగా ఆకలి చచ్చిపోతుంది. అందుకని నేను వేరే సాఫ్ట్‌వేర్ తెచ్చాను. మనం మామూలు అక్షరాల ఫైళ్ళు రాసి ఇస్తే అది పేజీలన్నీ ముందే వండి, పొట్లాలు కట్టి పెడుతుంది. ఎవరొచ్చినా పొట్లం చేతికివ్వడమే. ఎంత నాసి ఫోనైనా చటుక్కున తెరుచుకునేది.

దాంట్లో ఇంకో సుగుణం ఉంది. ఏ ఫైల్లో ఏ వాక్యం ఎవరు మార్చారో, ఏ రోజు ఎన్ని గంటలకు మార్చారో, అంతకుముందు అక్కడ ఏముండేదో అన్నీ రాసిపెట్టుకుంటుంది. ఆ చరిత్ర మొత్తం మా ఆఫీసు కంప్యూటర్లోనే కాదు, పనిచేసే ప్రతివాళ్ళ ల్యాప్‌టాప్‌లోనూ ఒక్కో నకలుగా ఉంటుంది. ఈ సుగుణం గురించి నేను సంఘం ప్రెసిడెంటు గారి దగ్గర బోలెడు గొప్పలు చెప్పాను. ఆయన పాతికెకరాల మామిడి తోట ఉన్న పెద్దాయన. ఎవరేం చెప్పినా అరకన్ను మూసి వింటారు. "అయితే దీంట్లో దొంగ దొరక్కుండా పోడన్నమాట" అన్నారు. పోడండీ అన్నాను, ఆ దొంగ ఎవరో తెలిసినట్టే.

మందుల సంగతి రాసేది వ్యవసాయంలో డిగ్రీ చేసిన ఒక అమ్మాయి. గంపలగూడెంలో టీచర్ల ఇంటి పిల్ల. ఆదివారం చర్చి అయ్యాక కూడా రైతులు పట్టుకుని ఆకులు చూపిస్తే విసుక్కోకుండా చూసేది. ఏడాది కాంట్రాక్టు మీద వచ్చింది. ఆ మాఘమాసంలో కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించాలంటే ప్రెసిడెంటు గారు సంతకం పెట్టాలి. ఇంట్లో తమ్ముడి చదువు ఆ ఉద్యోగం మీదే నడుస్తోందని మా అందరికీ తెలుసు.

ఆ అమ్మాయి చేరిన వారంలోనే ఆఫీసు కంప్యూటర్లో వికీ పెట్టాను. మొదటిసారి తెరిచినప్పుడు అది రాసేవారి పేరు అడుగుతుంది. నేను అమ్మాయి పేరు కొట్టాను. కారణం చిన్నదే. ప్రతి పేజీ అడుగున 'చివరిసారి దిద్దినవారు' అని ఒక పేరు పడుతుంది. అక్కడ డిగ్రీ చదివిన అమ్మాయి పేరుంటే రైతు నమ్ముతాడు. నా పేరుంటే? అంతకుముందే ఆఫీసు కిటికీలోంచి కోతి దూరి, కీబోర్డు మీద గెంతి, పత్తి లెక్కల పేజీ ఒకటి తప్పుల్లేకుండా కొట్టేసి వెళ్ళిందని నేను ఊరంతా చెప్పి ఉన్నాను. ఆ తర్వాత ఆ కంప్యూటరు ముందు నేను కూర్చుని ఏం దిద్దినా ఆ అమ్మాయి పేరుతోనే పోయేది. ఆమెకీ తెలుసు. "అక్షరదోషాలేగా సార్, దిద్దండి" అనేది. తన సొంత రాతలు తన ల్యాప్‌టాప్‌లో రాసి పంపేది. రెండు చోట్లా పేరొకటే.

ఇక తప్పు సంగతి. మామిడి పూత మీద తేనెమంచు పురుగు వచ్చే రోజులు. ఆ అమ్మాయి పేజీలో 'వీపు మీద మోసే ట్యాంకుకి పది మిల్లీలీటర్లు' అని రాసింది. రోజుకి పదిమంది ఫోన్లు చేసి, పది మిల్లీలీటర్లంటే ఎంత సార్ అని నన్నడిగేవారు. మా వైపు మందు కొలిచేది సీసా మూతతోనే. కొలత గ్లాసు ఇస్తే పిల్లలు ఆటకి పట్టుకుపోతారు. ఒక బుధవారం పొద్దున విసుగెత్తి, ఆఫీసు బల్ల మీదున్న శాంపిలు సీసా మూత తీసి, ఇంజక్షను సిరంజితో నీళ్ళు పోసి కొలిచాను. సరిగ్గా ఐదు వచ్చింది. భలే అనుకుని పేజీలో 'పది మిల్లీలీటర్లు' కొట్టేసి 'రెండు మూతలు' అని రాశాను. పేజీ తయారైంది. ఫోన్లు ఆగిపోయాయి. నా తెలివికి నేనే మురిసి కింద హోటల్లో రెండు గారెలెక్కువ తిన్నాను.

ఆ శాంపిలు సీసా వంద మిల్లీలీటర్లది. తోటలున్నవాళ్ళు కొనేది లీటరు సీసా. దాని మూత మా చిన్న మూతకి ఐదింతలు.

తొమ్మిది రోజులకి ఎ.కొండూరు వైపు నుంచి ఒక కౌలు రైతు వచ్చాడు. యాభై దాటిన మనిషి. భుజం మీది తువ్వాలు విప్పి బల్ల మీద పూత కొమ్మలు పరిచాడు. దీపం సెగ తగిలినట్టు అన్నీ మాడి నల్లబడి ఉన్నాయి. ముట్టుకుంటే రాలాయి.

"మీ ఫోను పుస్తకంలో చూసే కొట్టాను సారూ. నాలుగెకరాలు. సీసా తొందరగా అయిపోతుంటే ఇదేంట్రా అనుకున్నాను. చదువుకున్నోళ్ళు రాశారు కదా, మనకేం తెలుసని మళ్ళీ సీసా తెచ్చి కొట్టాను."

అమ్మాయి కొమ్మ చేతిలోకి తీసుకుంది. "ఎంత వేశారు బాబాయ్?"

"రెండు మూతలు. నువ్వు రాసిందే కదమ్మా! కింద నీ పేరే ఉందిగా!" ఫోను చూపించాడు.

ఆమె ముఖం పాలిపోయింది. నాది కూడా పాలిపోయే ఉండాలి, కానీ నాకేసి చూసినవాళ్ళెవరు? ప్రెసిడెంటు గారు పక్క గదిలోంచి వచ్చి విషయం విన్నారు. "ఏవయ్యా, ఎవరు మార్చారో తెలిసిపోతుందన్నావుగా. తియ్యి" అన్నారు నాతో.

తీశాను. తెర మీద ఆ వాక్యం, దాని పక్కన అమ్మాయి పేరు.

నేనప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. మీరు నన్ను తిట్టుకోవాల్సింది మూతల గురించి కాదు, ఆ నిమిషం గురించి. అబద్ధాలాడటంలో అంత అనుభవం ఉన్నవాణ్ణి, అసలేం మాట్లాడకుండానే అన్నిటికన్నా పెద్ద అబద్ధం ఆడేశాను.

అంతకన్నా ఘోరం, ఆ పిల్ల తెరకేసి చూస్తూ, "నేనే రాశానేమోనండి. రోజుకి పాతిక పేజీలు దిద్దుతున్నాను. గుర్తు లేదు" అంది. తన జ్ఞాపకం కన్నా రికార్డునే నమ్మింది. రికార్డుని నమ్మమని వాళ్ళకి నేర్పింది నేనే.

"సాయంత్రం నాలుగింటికి బోర్డువాళ్ళని పిలుస్తాను" అన్నారు ప్రెసిడెంటు గారు. ఆమె కాంట్రాక్టు కాగితం ఆయన బల్ల మీదే ఉంది. ఒకసారి దాని వంక చూశారు.

అందరూ భోజనాలకి వెళ్ళారు. నేను తలుపు దగ్గరగా వేసుకున్నాను. చరిత్రని తిరగరాసే విద్య ఒకటుంది. అది కంప్యూటర్ల ముందు కూర్చునే మీకు రానే వస్తుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. పాస్‌వర్డుల తాళాలన్నీ నా దగ్గరే కాబట్టి, ఆ బుధవారం మార్పు అసలు జరగనట్టే ఆఫీసు రికార్డంతా దిద్దేశాను. అసలు మార్పే లేకపోతే అమ్మాయి తప్పూ లేదు, నా తప్పూ లేదు. ఎవరో ఏదో పొరపాటు పడ్డారంటే సరిపోతుంది. ఇద్దర్నీ కాపాడానని నిజంగానే అనుకున్నాను. క్యారేజీ విప్పి పెరుగన్నం తినడానికి కూడా కూర్చున్నాను.

గంటన్నర తర్వాత అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని లోపలికొచ్చింది. కళ్ళు తుడుచుకున్న గుర్తులు తెలుస్తున్నాయి.

"సార్, పేజీ సరిచేసి పంపుతుంటే తీసుకోవట్లేదు. నా దగ్గరున్న చరిత్రా ఇక్కడున్న చరిత్రా కలవట్లేదంటోంది. నాలుగుసార్లు చూశాను."

కడిగిన క్యారేజీ పక్కకి జరిపాను.

ఆమె ల్యాప్‌టాప్ నా ముందు పెట్టింది. అందులో పాత చరిత్ర నిక్షేపంగా ఉంది. "ఇది బుధవారం పదకొండున్నరకి మారింది సార్. ఆ రోజు నేనెక్కడున్నాను?"

"గంపలగూడెంలో. మట్టి నమూనాలు తీస్తున్నావు."

"మరి ఇక్కడ నా పేరుతో కూర్చున్నదెవరు?"

నేను కిటికీ వైపు చూశాను.

"కోతి అని మాత్రం చెప్పకండి సార్."

చెప్పలేదు. అంతా ఒప్పుకున్నాను, మధ్యాహ్నం చేసిన పనితో సహా. తిడుతుందనుకున్నాను. ఆమె ఫోను తీసి మా పేజీ తెరిచి చూసింది. ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి, ఫోను నా వైపు తిప్పింది.

"పేజీలో ఇంకా రెండు మూతలే ఉంది సార్."

అప్పటికి తట్టింది నాకు. పేజీలు ముందే వండిపెట్టినవి కదా. పద్ధతి ప్రకారం మార్పు వస్తేనే మళ్ళీ వండుతాయి. నేను దొడ్డిదారిన రికార్డు దిద్దాను. పేజీ ఊసే ఎత్తలేదు. నా పేరు ఎక్కడ బయటపడుతుందోనన్న కంగారులో, రైతు చేతిలో ఉన్న వాక్యాన్ని వదిలేసి ఎవరూ చూడని పుస్తకాన్ని కడుక్కున్నాను. పైగా ఆ పిల్ల దిద్దబోతే నా నిర్వాకమే అడ్డుపడింది. ఆ గంటన్నరలో ఎవరెవరు చూసి ఉంటారో!

"ముందు పేజీ సరిచేద్దాం. తిట్లు తర్వాత" అందామె. పాత చరిత్రని ఆమె నకలులోంచే తిరిగి ఎక్కించాం. నాలుగు కాకముందే పేజీ మారింది.

మీటింగులో నేనే లేచి నిలబడి, ఆ మార్పు నాది, అమ్మాయికి సంబంధం లేదు అన్నాను. ప్రెసిడెంటు గారు అరకన్ను మూశారు. బోర్డులో ఒకాయన నవ్వాడు.

"ఆడపిల్ల మీదికి రానివ్వకుండా అడ్డుపడుతున్నావు. మంచిదే. కానీ ఇది నీ కోతి కథ లాంటిదేగా?"

"కాదండి, నిజం."

"కోతి కథప్పుడు కూడా నిజమనే ఒట్టేశావయ్యా!"

ఎంత చెబితే అంత నవ్వారు. నా జీవితంలో అంత నిజాయితీగా ఎప్పుడూ మాట్లాడలేదు, అంత ఘోరంగా ఎప్పుడూ ఓడిపోలేదు. చివరికి అమ్మాయే లేచి, తన ల్యాప్‌టాప్‌నూ, గంపలగూడెం రైతులు సంతకాలు చేసిన మట్టి నమూనాల రిజిస్టరునూ ఆయన ముందు పెట్టింది. బుధవారం, పదకొండున్నర. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆయన వేలితో చాలాసేపు చదివారు. గదిలో నవ్వులు ఆగిపోయాయి.

"నిన్ను తీసేద్దామంటే ఈ యంత్రం నడిపేవాడు లేడు" అన్నారు నాతో. "సరే. ఈ తొమ్మిది రోజుల్లో ఈ పేజీ చదివినవాళ్ళ జాబితా తియ్యి."

"అలాంటి జాబితా ఉండదండి. ఇవి వండిపెట్టిన పేజీలు. ఎవరు తీసుకెళ్ళారో దీనికి తెలియదు."

"రాసినవాడి పేరుంటుంది, చదివినవాడి పేరుండదా?"

"ఉండదండి."

"మాడిపోయేది చదివినవాడి తోట కదయ్యా! అయితే పో. ఇంటింటికీ పోయి అడుగు."

అమ్మాయి కాంట్రాక్టు మీద ఆయన అక్కడే సంతకం పెట్టారు. అంతటితో కథ అయిపోయిందనుకున్నాను.

మర్నాటి నుంచి నేనూ అమ్మాయీ చెరో బండి మీద బయల్దేరాం. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం, మందుల షాపుల్లో చెప్పాం. పేజీ మారినా లాభం లేదని మొదటి ఊళ్ళోనే తెలిసింది. సగంమంది పేజీని ఫోటో తీసి పెట్టుకున్నారు. ఆ ఫోటోలు బావమరుదులకీ తోడల్లుళ్ళకీ వెళ్ళాయి. అక్కడినుంచి సరిహద్దు దాటి తెలంగాణలోకి కూడా పోయాయి. ఇద్దరు ముగ్గురు మాత్రం, మూత పెద్దగా ఉందని అనుమానమొచ్చి సగమే వేశామన్నారు. వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

కౌలు రైతు తోటకీ వెళ్ళాను. అక్కడేం మాట్లాడాలో దారంతా అనుకుంటూ వెళ్ళి, తీరా వెళ్ళాక మాడిన కొమ్మల కేసి చూస్తూ నిలబడ్డాను. ఆయనే అన్నాడు. "తప్పు నీదని ఆ అమ్మాయి చెప్పింది. నువ్వొచ్చి చెబుతావో లేదోనని చూస్తున్నాను." చెట్ల కేసి చూపించాడు. కింది కొమ్మలకి అక్కడక్కడ రెండో పూత పొడుస్తోంది. "చెట్టు చావలేదు. కాపు మాత్రం చచ్చింది. కూర్చో, మంచినీళ్ళు తాగు." సంఘం ఆ ఏడు అతనికేదో సాయం చేసింది. ఏం చేసినా అది మామిడికాయ కాదు.

మూడో రోజు మధ్యాహ్నం, ఎండ దిగుతుండగా, రోడ్డుకి దూరంగా ఒక తోటలోకి వెళ్ళాం. ఇంటాయన నీళ్ళు తేవడానికి పోయాడు. మోటారు షెడ్డు ముందు ట్యాంకూ, మూత తీయని లీటరు సీసా సిద్ధంగా ఉన్నాయి. చల్లబడ్డాక కొట్టడమే తరువాయి. ఆయన భార్య గట్టు మీద గడ్డి కోస్తోంది.

నేను షెడ్డు గోడ చూశాను. సున్నం గోడ మీద బొగ్గుతో, పెద్ద అక్షరాలతో రాసుంది. 'ట్యాంకుకి రెండు మూతలు. మేడం చెప్పింది.' కింద ఆ అమ్మాయి పేరు.

బోర్డు మీటింగులో తేలిపోయింది, కాంట్రాక్టు మీద సంతకం పడింది, ఆమె నిర్దోషి అని అందరూ ఒప్పుకున్నారు. అవన్నీ ఆ గోడకి తెలియవు.

తడిగుడ్డ కోసం చూస్తుంటే ఆ ఇల్లాలు కొడవలి పట్టుకుని గబగబా వచ్చింది. "ఏంటన్నయ్యా, ఏం చేస్తున్నావ్? అది మా ఆయన రాసుకున్నాడు. ముట్టుకోకు!"

అమ్మాయి అంతా విడమరిచి చెప్పింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సీసా తీసి షెడ్డు లోపల దాచింది. నేను మళ్ళీ గోడ తుడవబోతే ఆపింది.

"తుడిచెయ్యకు. తుడిచేస్తే మా ఆయన ఎవరో ఆకతాయి పని అనుకుంటాడు, ఫోన్లో తీసిపెట్టుకున్న ఫోటో చూసి మళ్ళీ అదే రాస్తాడు. ఆయనకి ఒకసారి పట్టిందంటే వదలదు. పాతది కనపడేలా కొట్టేసి, పక్కన కొత్తది రాయి. ఎందుకు మారిందో కూడా రాయి."

మేము ఏడాదిపాటు పడి నేర్చుకున్న విద్య ఆమె కొడవలి పట్టుకుని నిలబడి రెండు ముక్కల్లో చెప్పింది. నేను పొయ్యి దగ్గర నుంచి బొగ్గు తెచ్చాను. పాత వాక్యం మీద గీత పెట్టి, పక్కన 'పది మిల్లీలీటర్లు. లీటరు సీసా మూతతో కొలవకూడదు' అని రాశాను. అమ్మాయి తన సంచిలోంచి కొలత గ్లాసు తీసి మేకుకి తగిలించింది.

"మేడం పేరు?" అంది ఇల్లాలు. "ఆమె రాయలేదంటున్నారుగా."

అమ్మాయి నాకేసి చూసింది. నేను ఆమె పేరు మీద కూడా గీత పెట్టాను.

"మరి ఎవరు మార్చారని మా ఆయన అడిగితే ఏం చెప్పను? అడ్డగీతలు చూసి ఊరుకునే మనిషి కాదాయన. ఫోన్ చేసి కడిగేస్తాడు, ఆ మనిషెవరో చెప్పు."

బొగ్గు అరిగిపోయింది. ఇంకో ముక్క తెమ్మని ఆమెనే అడిగాను. తెచ్చింది. గోడకి వంగి, రెండు వాక్యాల కిందా నా పేరు, ఇంటి పేరుతో సహా, ఫోను నంబరుతో సహా రాశాను.